మూకుడుకి నోరు లేదు

మూకుడు ఎవరో పిల్లలకి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళ కోసం చెప్తున్నాను. అది జపాను కార్టూన్‌లో ఒక మరబొమ్మ. బోర్లించిన మూకుడులాంటి తల, ఒకే ఒక్క కన్ను, గుమ్మడికాయంత ఒళ్ళు, రెండు కురచ చేతులు. నోరు లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి తోడుగా ఉంటుంది. ఆకాశంలో ఎగరదు, దొంగల్ని పట్టదు. ఆ పిల్లతో బడికి నడుస్తుంది, సాయంత్రం మళ్ళీ వెంట వస్తుంది. అంతే దాని ఘనకార్యం. అంతమాత్రానికే పిల్లలు దానిమీద ప్రాణం పెట్టుకున్నారు.

మన భాషలో దానికి గొంతిచ్చేది ఒక ఆడమనిషి. యాభై ఆరేళ్ళు. మేమంతా అక్క అంటాం. మా స్టూడియో పరుపుల దుకాణం పైన, రెండో అంతస్తులో. గోడలకి పాత దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీశాం. మైకు తెరిచామంటే ఫ్యాను ఆపాల్సిందే, లేకపోతే దాని గుర్రు కూడా రికార్డయిపోతుంది. తెర మీద మూకుడు మంచులో నడుస్తుంటే ఇక్కడ అక్క వీపు మీద చెమట కాలవ కట్టేది. నేను అద్దానికి ఇవతల మీటలు నొక్కే రికార్డిస్టుని. పదకొండేళ్ళుగా ఇద్దరం అలా అద్దానికి అటూ ఇటూ ఉన్నాం.

డబ్బింగులో ప్రాణం తీసేవి పెదాలు. తెర మీద నోరు తెరిచినంతసేపే మాట ఉండాలి, మూయగానే ఆగాలి. బొమ్మలో ఆ పిల్లకి గొంతిచ్చే ఆవిడకి ఇద్దరు మనవలున్నారు, అయినా మేం ఆవిడని పాప అనే పిలుస్తాం. పాప ఒక్కో మాటకి ఎనిమిదిసార్లు కుస్తీ పడుతుంది. అక్కకి ఆ తిప్పలు లేవు. నోరే లేనివాడికి పెదాలెక్కడ? ఎప్పుడైనా మాట్లాడొచ్చు. గొడవంతా అక్కడే పుట్టింది.

మొదటి ఏడాది సంగతి. పిల్ల బడిలో ఏదో మాట పడి వచ్చి, బట్టల బీరువాలో దూరి తలుపేసుకుంది. మూకుడు బయట కూర్చుంది. నలభై సెకన్లు ఇంకేమీ జరగదు. జపాను వాళ్ళ బొమ్మలో అక్కడ వాన చప్పుడే ఉంది. మా మాటల కాగితంలోనూ ఖాళీయే. కానీ చెమటకి రెండు కాగితాలు అంటుకుపోయి, అక్క రెండూ కలిపి తిప్పేసింది. ఏదో మాట చదవకుండా వదిలేశాననుకుని కంగారులో నోటికొచ్చింది అనేసింది.

“నేనిక్కడే ఉన్నాలే. నువ్వేడువు. అయ్యాక చెప్పు, పోదాం.”

నేను ఆపాలి, ఆపలేదు. తర్వాతైనా చెరపాలి, మర్చిపోయాను. అది అలాగే టీవీలోకి పోయింది. నెల తిరక్కుండా మా వీధిలో మోకాలు దోక్కుపోయి ఏడుస్తున్న పిల్లాడి పక్కన ఇంకో పిల్ల చతికిలబడి ఇదే మాట అనడం విన్నాను. మా అత్తగారు పోయిన రోజు నా కూతురు వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఇదే అంది. ఇంకేం చెరుపుతాను?

ఆ తర్వాత అక్క పట్టపగ్గాల్లేకుండా పోయింది. ఖాళీ కనబడితే ఒక మాట జారవిడిచేది. ఒక్కటీ కాగితం మీద లేదు. ఒప్పందం ప్రకారం ఒక్క అక్షరం కూడా కలపకూడదు మరి. దొంగపనే. మేమిద్దరం కూడబలుక్కుని పదకొండేళ్ళు చేసిన దొంగపని.

ఇలా ఉండగా మేనేజరు వచ్చాడు. కొత్తవాడు. కోపం రాదు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. అలాంటివాళ్ళతోనే భయం.

“అక్కా, శుభవార్త! మీ గొంతు ఇక ఎప్పటికీ ఉంటుంది.”

“నాకేమైనా రోగమొచ్చిందా నాయనా?”

“అయ్యయ్యో, అది కాదు. మీ పాత రికార్డింగులన్నీ కంప్యూటరుకి వినిపించాం. అచ్చం మీలాగే మాట్లాడుతోంది. కాగితం ఇస్తే గడగడా చదివేస్తుంది. మీరొక సంతకం పెట్టి, రెండ్రోజులొచ్చి నవ్వు, దగ్గు, ఆవలింత ఇచ్చేస్తే చాలు. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.”

“కూర్చోబెట్టమని నిన్ను నేనడిగానా?”

“ఈ వయసులో, ఈ ఉక్కలో మీకెందుకక్కా…”

“ఉక్కకి చప్పుడు చెయ్యని ఫ్యాను అడిగి ఆరేళ్ళయింది. అది దొరకలేదు గానీ, నేను లేకుండా నా గొంతు దొరికిందా? కోడిని కోసుకుని, గుడ్లు మాత్రం రోజూ పెట్టమన్నట్టుంది నీ వరస.”

పాప ఫక్కున నవ్వింది. దుర్మార్గుల గొంతులన్నీ ఇచ్చే బావగారు (ఆయన అందరికీ బావగారే) మాత్రం నవ్వలేదు. “ఇవాళ అక్క. రేపు మనం” అన్నాడు.

“శనివారం దాకా ఆలోచించుకోండి. మీరు కాదంటే ఇంకెవరి గొంతైనా పెట్టేస్తాం” అన్నాడు మేనేజరు, ఆ నవ్వు అలాగే ఉంచుకుని.

చూశారా వరస? వినిపించడానికి అడగలేదు, సంతకం మాత్రం అడుగుతున్నారు. ఇల్లు దోచుకున్నాక తాళంచెవి ఇమ్మన్నట్టు.

మెట్లు దిగుతూ అక్క నాతో అంది. “ఒరేయ్ తమ్ముడూ, నా భయం వేరేరా. రేపు ఆ యంత్రం చేత ఏ సబ్బో కొనమని చెప్పిస్తారు. పిల్లలు నేనే అన్నాననుకుంటారు. పదకొండేళ్ళు నన్ను నమ్మారురా వాళ్ళు. నేననని మాట నా గొంతులోంచి రాకూడదు. అంతే.”

“అయితే సంతకం?”

“నా చెయ్యి విరిచినా పెట్టను.”

శనివారం పొద్దున చిన్న హాల్లో ఆ కంప్యూటరు గొంతుతోనే కొత్త భాగం వేశారు. అక్కచేత ఎలాగైనా ఒప్పిద్దామని మేనేజరు ఎత్తు. నలభైమంది బడిపిల్లల్ని పిలిచాడు. జపాను కంపెనీ నుంచి ఒక మేడం కూడా వచ్చింది. మన భాష రాదు, పక్కన దుబాసీ ఉన్నాడు.

మొదలైంది. నిజం చెప్పాలి, నాకే తేడా తెలియలేదు. అక్క గొంతే. ఆ చివరి మాట సాగదీయడం కూడా అక్కదే. అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

“నేనే కదరా అది” అంది, వినీ వినబడకుండా.

ఆవిడ గొంతులో బెదురు వినడం నాకదే మొదలు.

తర్వాత ఒక సీను వచ్చింది. పిల్ల స్నేహితురాలు వేరే ఊరు వెళ్ళిపోయింది. పిల్ల మెట్ల మీద మోకాళ్ళలో తల పెట్టుకుంది. మూకుడు వచ్చి పక్కన కూర్చుంది. కాగితం ఖాళీ. యంత్రం నోరెత్తలేదు. ఐదు సెకన్లు. పది.

“సౌండు పోయింది!” అని ఒకడు అరిచాడు.

“పోలేదురా, గాలి వినబడుతోందిగా. మూకుడూ, చెప్పవేం?”

ఇరవై. వెనక వరసలోంచి ఒక చిన్నది లేచి తెర మీద పిల్లకి తనే చెప్పేసింది. “నేనిక్కడే ఉన్నాలే. నువ్వేడువు.” పక్కది అందుకుంది. “అయ్యాక చెప్పు, పోదాం.” ఇంకో పదిమంది గొంతు కలిపారు. అప్పుడు యంత్రం తీరిగ్గా, కాగితం మీదున్నట్టు, “రేపు బడి ఉంది” అంది. హాలంతా గొల్లుమంది.

ముందు వరసలో పళ్ళూడినవాడు తీర్పు చెప్పేశాడు. “ఇది మూకుడు కాదు. ఎవరో మూకుడు వేషం వేసుకున్నారు.”

మేడం ఏదో అడిగింది. పిల్లలు ఏమన్నారని అడుగుతున్నారన్నాడు దుబాసీ.

“పిల్లలు కదండీ, అల్లరి” అన్నాడు మేనేజరు.

అక్క లేచింది. ఇందాకటి బెదురు ఎటు పోయిందో.

“అల్లరి కాదమ్మా. అవి నా మాటలు. మీ కాగితంలో లేవు. పదకొండేళ్ళుగా కలుపుతున్నాను. మీ లెక్కలో తప్పే, ఒప్పుకుంటున్నాను.”

“చెరపనిది నేను” అన్నాను. నేనూ లేచాను.

దుబాసీ చాలాసేపు చెప్పాడు. మేడం చాలాసేపు విన్నది. “ఆ మాటలన్నీ రాసి ఇవ్వగలరా?” అని అడిగించింది.

“రాయను. రాస్తే అది చదివేస్తుంది. అయినా నాకు ముందు తెలిస్తే కదా రాయడానికి? మూకుడుగాడు పిల్ల పక్కన కూర్చున్నాక తడుతుంది.”

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “మూకుడుకి నోరు ఎందుకు పెట్టలేదో మీకు తెలుసా?” అంది. ఏదో గొప్ప తత్వం వస్తుందని అందరం మెడలు చాచాం. “నోరుంటే కదలాలి, కదిలితే గీయాలి. ఆ రోజుల్లో మా దగ్గర గీసేవాళ్ళు నలుగురే.”

అక్క గట్టిగా నవ్వింది. “అయితే మీదీ మాలాంటి కొంపేనన్నమాట!”

మేడం మనసు కరిగి పని జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆవిడ ఏ మాటా ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. సోమవారం మేనేజరు మిగిలిన గొంతులందరికీ అవే సంతకాల కాగితాలు పంచాడు. పాప పెట్టలేదు. బావగారు పెట్టలేదు. మొత్తం ఎనిమిది కాగితాలు బల్ల మీదకి ఉత్తవే తిరిగొచ్చాయి. నేనూ మీటల దగ్గర కూర్చోనని చెప్పాను. నాలుగు రోజులు స్టూడియోకి తాళం. ఐదో రోజు మేనేజరు ఫోను చేసి అందర్నీ పనికి రమ్మన్నాడు. అక్క ఒక్క షరతే పెట్టింది, కంప్యూటరుకి తాగించిన తన గొంతు మా అందరి ముందూ చెరపాలని. చెరిపారు. చెరపడం నాకు చేతకాదు గానీ, దగ్గరుండి చూడటం వచ్చు. నకళ్ళు లేవని రాయించి, మేనేజరు చేతే సంతకం పెట్టించుకున్నాం.

ఇవాళ మెట్ల మీద సీను మళ్ళీ రికార్డింగు. కొత్త మాటల కాగితం వచ్చింది. ఖాళీ ఉన్నచోట టైపు చేసి ఉంది: ‘ఇక్కడ అక్క ఇష్టం.’

అక్క అది చదివి, ఇంకోసారి చదివి, కాగితాలు విడివిడిగా పరుచుకుంది. ఈసారి ఒక్కటి కూడా అంటుకోకుండా.

“ఏం చెప్తావక్కా?” అన్నాను మైకులో.

“నాకేం తెలుసురా? వాణ్ణి కూర్చోనీ ముందు. ఫ్యానాపు.”

ఆపాను.