కాంతవ్వ నేర్పిన ఐదింటి పని

కాంతవ్వ నేర్పిన పనికి కృష్ణమోహన్ గారు వివేక్ పేరు పెట్టారు. అది అన్యాయం. రాజనర్సు దృష్టిలో అందులో తేల్చాల్సిందేమీ లేదు.

పంజాగుట్టలో కృష్ణమోహన్ గారిది ఇళ్లు కట్టే చిన్న సంస్థ. ఇరవై ఏళ్లుగా అక్కడ మేస్త్రీ రాజనర్సే. ఆయన భార్య కాంతవ్వ బతికుండగా అక్కడే ఇటుకలు మోసింది. తాపీలు పట్టుకున్నవాళ్లు పొద్దున్నే ఇసుక కోసం, ఇటుకల కోసం కూర్చుని ఎదురుచూడటం ఆమెకు నచ్చేది కాదు. రాజనర్సుకు చెప్పి సాయంత్రం ఐదింటికి గోడపని ఆపించింది. మర్నాటి ఇసుక జల్లించి, ఇటుకలు పైకి చేర్చి, తొట్లలో నీళ్లు నింపించడం అలవాటు చేసింది. తెల్లారి వచ్చీ రాగానే తాపీ గోడ మీద ఆడేది. ఆమె పోయి నాలుగేళ్లయినా రాజనర్సు ఆ అలవాటు మానలేదు.

మైత్రీవనం కోచింగ్ సెంటర్లో ఏదో కోర్సు చేసిన తన మేనల్లుడు వివేక్‌ను, పని పెంచమని కృష్ణమోహన్ గారు తెచ్చిపెట్టారు. ఐదు దాటాక గోడ లేవడం లేదని వివేక్ ఫోనులో లెక్క చూపించాడు. ఇటుకలు మోయడం ఖాళీగా కూర్చోవడం కాదని రాజనర్సు చెప్పాడు.

"మనం కొలిచేది గోడను తాతా, నీ చెమటను కాదు," అని నవ్వాడు వివేక్.

వివేక్ మాటే నెగ్గి, ఐదు తర్వాతి గంట కూడా గోడపనికే పోయింది. పొద్దున తొమ్మిదిన్నరైనా తాపీ తడవలేదు. ఆరు రోజుల గోడకు తొమ్మిది రోజులు పట్టింది. కృష్ణమోహన్ గారు పిలిపించి అడిగితే, రాజనర్సు కాంతవ్వ పేరుతో సహా అంతా చెప్పాడు. వివేక్ రాసుకున్నాడు. ఆమె పేరు కూడా రాసుకున్నాడనే రాజనర్సు అనుకున్నాడు. మర్నాటి నుంచి ఐదింటి పని మళ్లీ మొదలైంది.

నెల తర్వాత అమీర్‌పేటలో చిన్న బిల్డర్ల సమావేశానికి రాజనర్సునూ తీసుకెళ్లారు. తెర మీద తన తొట్లు, తన ఇటుకలు. పైన 'వివేక్ విధానం' అని అక్షరాలు. చప్పట్లు కొట్టారు. ఈ విధానం ఎలా పనికొచ్చిందో రెండు ముక్కలు చెప్పమని కృష్ణమోహన్ గారు మైకులో పిలిచారు.

రాజనర్సు ఉన్నచోటే లేచి నిలబడ్డాడు.

"గా పని కాంతవ్వది సార్."

కృష్ణమోహన్ గారు చేత్తో మైకు మూసి దగ్గరికొచ్చారు.

"ఇప్పుడెందుకయ్యా అది? చివర్లో ఆవిడ పేరు చేర్పిద్దాంలే."

"చివర్ల అక్కర్లేదు సార్. పని చేస్త, ఫికర్ చెయ్యకుండ్రి. గీ 'వివేక్ విధానం' ముచ్చట మాత్రం ఇంకోపారి నన్నడగొద్దు. మీరడిగినా, ఎవలడిగినా, నా నోట రాదు."