బొట్టు పెట్టిన కార్డు

నేను ఒక కార్డుని. కెనడాలో శాశ్వతంగా ఉండొచ్చని చెప్పే కార్డుని. పేకముక్కంత ఉంటాను గానీ నా పొగరు మాత్రం నిలువెత్తు మనిషిది. ఎందుకుండదు చెప్పండి? మనిషి ఎదురుగా నిలబడి నేనే నేనని మొత్తుకున్నా నమ్మరు, నన్ను చూపిస్తే నోరెత్తరు.

పుట్టినప్పుడు నాకు ముఖం లేదు. తెల్లగా, నున్నగా ఉన్నాను. ఒక యంత్రం సన్నటి వెలుగుతో నా ఒంటిమీద ఒకావిడ ముఖాన్ని కాల్చింది. నవ్వులేని ముఖం. ఆ ఫోటోల్లో నవ్వకూడదట. ఆవిడ పేరు వకుళ. ఆ క్షణం నుంచి ఆవిడ కళ్ళతోనే లోకాన్ని చూస్తున్నాను.

కవర్లో పడి నేను ఇల్లు చేరేసరికి ఆవిడ ఇంట్లో లేదు. భీమవరంలో అక్కకి ఆపరేషనంటే, నా కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. పర్మనెంటు వచ్చేశాక ఇంకా భయమేంటని స్నేహితులు ధైర్యం చెప్పారట. తిరుగు ప్రయాణంలో హైదరాబాదు కౌంటరు దగ్గర ఆపేశారు. కార్డు లేనిదే విమానం ఎక్కనివ్వం అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. కార్డుకి బదులు ప్రయాణానికి పనికొచ్చే కాగితం కోసం అర్జీ పెట్టుకుంది గానీ, అది ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. నాలుగేళ్ళ కూతురు మేధ ఇక్కడ, తల్లి అక్కడ.

నన్ను చూసి ఆవిడ మొగుడు భార్గవ్ ఊపిరి పీల్చుకున్నాడు. కొరియర్లో పంపితే దారిలో పోతుందేమోనని బెంగ. ఇండియా వెళ్ళే తెలిసినవాళ్ళెవరైనా దొరికితే చేతికిచ్చి పంపుదామన్నాడు. అందాకా జాగ్రత్త చెయ్యమని పిన్ని కనకరత్నానికి ఇచ్చాడు. పిల్లని చూసుకోడానికి వచ్చిన మనిషి. మంచిదే పాపం, ఆ మంచితనమే కొంప ముంచింది.

కొత్త వస్తువు ఇంటికొస్తే ఊరుకుంటారా మనవాళ్ళు? నా నాలుగు మూలలా పసుపు రాసింది. పుణ్యస్త్రీ నుదురు బోసిగా ఉండకూడదంటూ, నా మీది వకుళ నుదుట ఇంత కుంకుమ అద్దింది. ఆ అపార్టుమెంటులో పూజగది లేదు. అల్మరాలో పై అర దేవుళ్ళది, కింది అర నిరుడు పోయిన భార్గవ్ తల్లి ఫోటోది. పైన చోటు చాలక నన్ను కింద, పోయినావిడ పక్కన నిలబెట్టి దీపం పెట్టింది.

ఇద్దరం బొట్లు పెట్టుకుని పక్కపక్కన నిలబడ్డాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట్లో ఆ మర్యాద నాకు బాగానే ఉంది. కానీ పక్క ఫోటోలోని పెద్దావిడ, కొత్తకోడలికి చోటిచ్చినట్టు కాస్త జరిగిందేమోనని ఒకసారి అనిపించింది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు జలదరించింది.

మేధ రోజూ వచ్చి మమ్మల్ని తేరిపార చూసేది. నానమ్మ పోయినప్పుడు ఊరెళ్ళిందని చెప్పారు దానికి. ఇప్పుడు అమ్మ గురించీ అదే చెప్పారు, ఊరెళ్ళిందని. పిల్ల ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. వీడియో కాల్లో వకుళ ఎంత బతిమాలినా దగ్గరికి రాలేదు. ఫోన్లో కనిపించేది అమ్మ కాదంది. ఆ తల్లి అక్కడ ఎంత ఏడ్చిందో, ఆవిడ ముఖం మోస్తున్న నాకే తెలియలేదు.

ఒకరోజు మేధ తన కంచంలోంచి ఇడ్లీ ముక్క తెచ్చి నా ముందు పెట్టింది. నానమ్మ సంవత్సరీకానికి పెద్దవాళ్ళు పెట్టడం చూసింది కదా. చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది. గుమ్మంలో నిలబడి భార్గవ్ అదంతా చూశాడు. ఆ సాయంత్రమే టికెట్ కొన్నాడు. తెలిసినవాళ్ళ కోసం చూడకుండా తనే నన్ను జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

హైదరాబాదులో వకుళ చీర కొంగుతో నా బొట్టు తుడిచింది. కౌంటరులోని అమ్మాయి నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూసి దారి వదిలింది.

ఇంటి తలుపు తీయగానే కనకరత్నం కళ్ళు ఒత్తుకుంది. వకుళ నేలమీద కూలబడి చేతులు చాచింది. మేధ మెల్లగా వచ్చింది. అమ్మ బుగ్గ ముట్టుకుంది, ముక్కు ముట్టుకుంది. వెచ్చగా ఉందని నమ్మకం కుదిరాక నవ్వింది. దాని ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. ఆ తర్వాత తల్లి భుజం మీదుగా, ఖాళీగా ఉన్న వరండాలోకి తొంగిచూసింది.

"నానమ్మ లిఫ్టులో ఉందా?" అంది.

తలుపు వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.