తాత మొహంతో వేరొకరి చావు

మా తాత క్వాన్సా పొద్దున్నే మొక్కజొన్న కెంకీ ముద్దలు కొనుక్కురావడానికి జంక్షనుకు వెళ్ళి, తాను చనిపోయినట్టు తెలుసుకుని తిరిగివచ్చాడు. కెంకీ మాత్రం మర్చిపోలేదు.

"అరబా, నేను పోయానే," అన్నాడు పొట్లం బల్ల మీద పెడుతూ. "శనివారం పూడుస్తారట. స్వెద్రులో."

"ఎవరు చెప్పారు తాతా?"

"స్తంభానికి అంటించారు. మిరపకాయల పచ్చడి వేరే పొట్లంలో ఉంది, చూసుకో."

వెళ్ళి చూశాను. మా సాల్ట్‌పాండ్‌లో చావు పోస్టరు లేని గోడంటూ ఉంటే, ఆ వీధికి చుట్టాలు లేరని అర్థం. ఈ పోస్టరు నలుపు తెలుపుల్లో ఉంది, అంటే పండు ముసలి చావు. పైన "జీవితోత్సవం" అని ఉంది. కింద భార్య పేరు, పిల్లల పేర్లు, అందరికంటే పెద్ద అక్షరాల్లో ఇటలీలో ఉన్న మేనల్లుడి పేరు. చనిపోయినాయన పేరు జోసెఫ్ అబైడూ. మొహం మాత్రం మా తాతది. నేను తీసిన ఫొటోలో ఆయన కప్పుకున్న నారింజరంగు బట్ట ఇక్కడ తెల్లబడింది. వెనక ఉన్న మా వంటిల్లు పోయి మేఘాలు వచ్చాయి. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఫొటో: అరబా క్వాన్సా. స్వేచ్ఛా లైసెన్సు. మార్పులు చేశాం."

నేను బ్లాగు రాస్తాను. ఆఫ్రికా అని ఇంటర్నెట్‌లో వెతికితే ఏనుగులూ, మొహాన ఈగలు వాలిన పిల్లలూ వస్తారు గాని, వంటింటి ముందు పీట వేసుకుని కోడళ్ళ మీద విసుక్కునే మామూలు ముసలాయన రాడు. అందుకని మేం బ్లాగర్లం కొందరం కలిసి, మనవాళ్ళ ఫొటోలు మనమే తీసి లోకానికి ఉచితంగా ఇచ్చేద్దాం అనుకున్నాం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. తీసినవాళ్ళ పేరు చెప్పాలి, మార్చితే మార్చామని చెప్పాలి, అంతే. నేను మా తాతను ఇచ్చాను. ఒక హోటలు ఆయన్ని గోడకు తగిలించింది, ఒక సబ్బుల కంపెనీ క్యాలెండరుకు ఎక్కించింది. ఒక్కరూ నా పేరు వెయ్యలేదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినలేదు. ఆ లైసెన్సును అక్షరం పొల్లుపోకుండా పాటించింది ఈ చావింటివాళ్ళే. స్తంభం ముందు నిలబడ్డ నాకు మొదట కలిగింది సంతోషమే. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

మధ్యాహ్నం దాకా తాత కూడా సరదాగానే ఉన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళకు తానే మంచినీళ్ళిచ్చాడు. ఆయన పాత స్నేహితుడొకడు నల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చి, ఈయన్ని చూసి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

సాయంత్రం మాత్రం తాత అన్నం ముట్టలేదు.

"శవం పక్కన నా మొహం పెట్టుకుని ఊరంతా ఏడుస్తారు. అన్ని ఏడుపులు మీద పడ్డాక మనిషి బతుకుతాడా? నాకు భయంగా ఉందే. శనివారం లోపల దాన్ని వెనక్కి తీసుకో."

"కుదరదు తాతా. ఒకసారి ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం ఆ లైసెన్సులో లేదు. నా బ్లాగులోంచి తీసెయ్యగలను గాని, తీసుకున్నవాళ్ళ దగ్గర లాక్కోలేను."

"ఇదెక్కడి దానమే! మొహం నాది, ఇచ్చింది నువ్వు."

"నిన్ను అడిగే కదా ఇచ్చాను. సరే అన్నావు."

"ఫొటోకి సరే అన్నాను. చావడానికి కాదు."

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. హక్కు లేకపోయినా బతిమాలుకోవచ్చు కదా అనుకుని, మర్నాడు తాతను తీసుకుని, కంప్యూటరు సంచిలో పెట్టుకుని స్వెద్రు వెళ్ళే ట్రోట్రో వ్యాను ఎక్కాను. బండి వెనకద్దానికీ అదే పోస్టరు. ఎదుటి సీటామె పోస్టరు చూసి, తాతను చూసి, శిలువ గుర్తు వేసుకుంది.

"కంగారుపడకమ్మా, శనివారం దాకా టైముంది," అన్నాడు తాత. ఆమె మధ్యలోనే దిగిపోయింది.

అబైడూ ఇంట్లో కుర్చీలు దింపుతున్నారు. తాతను చూడగానే ఒకడు కుర్చీ కాలి మీద వేసుకున్నాడు. చనిపోయినాయన కొడుకు ఫీఫీ పరుగున వచ్చాడు. మేమెవరో చెప్పాను.

"అక్కా, తప్పేమైనా చేశామా? పేరు వేశాం, మార్చామని వేశాం. అక్షరాలు చిన్నవయ్యాయా?"

"అన్నీ సరిగ్గానే చేశావు తమ్ముడూ. కాని మా తాత బతికే ఉన్నాడు."

"అది అందులో రాయలేదక్కా," అన్నాడు ఫీఫీ. "మా నాన్న జన్మలో ఫొటో దిగలేదు. ఓటు కార్డు కోసం తీసిన ఒక్కటీ నల్లమచ్చలా పడింది. మొహం లేకుండా పోస్టరు వేస్తే ఇంత అనాథ చావా అంటారు. మన జాతి మొహమే కావాలని 'ఫాంటే ముసలాయన' అని వెతికితే ఈయన వచ్చాడు. విసుగు మొహం అచ్చం మా నాన్నదే."

అప్పుడే నల్లబట్టల్లో పెద్దావిడ ఎవురాబెనా బయటికొచ్చింది. చనిపోయినాయన భార్య. తాత ముందు నిలబడి పైనుంచి కిందదాకా చూసింది.

"మా ఆయన కాదు," అంది. "చెవులు చిన్నవి. అన్నా, మీ మొహం మీరు తీసుకెళ్ళండి. పోస్టర్లన్నీ చింపించేస్తాను. మొహం లేకుండానే సాగనంపుతాం."

మేం వచ్చింది అందుకే. లేచి దండం పెట్టి వెళ్ళిపోవాలి. తాత మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెవులు ఎంత ఉండేవమ్మా?"

ఆమె చేత్తో చూపించింది. తాత నా వైపు తిరిగాడు. "మార్చుకోవచ్చని రాశావు కదే. మార్చు."

కంప్యూటరు తెరిచాను. చెవులు పెంచాను. ఎడమ కనుబొమ్మ మీద గాటుండేదంది, కోకో నరికే కత్తి తగిలి. పెట్టాను. బుగ్గలు ఇంత నిండుగా ఉండేవి కావంది, లోపలికి నొక్కాను. మీసం తీసేశాను. పెదవి ఒక పక్కకు వంగేదంది. ఎటు పక్కకో ఫీఫీకీ ఆమెకూ గొడవ జరిగి, ఆమే గెలిచింది. తాత కొంచెం కొంచెంగా తెరమీంచి వెళ్ళిపోతుంటే, అసలు తాత నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు.

పెదవి వంచగానే ఆమె ముందుకు వంగింది. తెర దగ్గరికి జరిగింది.

"చెప్పి పోకూడదూ?" అంది తెరతో. "పక్కగదిలోనే ఉన్నాను కదయ్యా. ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని కాదూ?"

ఫీఫీ గోడవైపు తిరిగాడు. మా తాత నిన్నటి నుంచీ తన కోసం ఏడవనివాడు, ముక్కూమొహం తెలియని ఆ మనిషి కోసం వెక్కి వెక్కి ఏడ్చాడు.

బజారులో పెద్ద ప్రింటు ఒకటి వేయించాం, శవపెట్టె పక్కన పెట్టడానికి. ఎవురాబెనా దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయ్, నువ్వు ఫొటోలు ఊరందరికీ ఇచ్చేస్తావటగా?"

"అవునత్తా."

"ఈయన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకు."

ఫొటోలు మన దగ్గరే దాచుకోవడం తప్పని ఎన్ని సభల్లో చెప్పానో నాకే తెలియదు. ఆమె చూస్తుండగానే ఆ ఫైలు చెరిపేసి, కంప్యూటరు మూసేశాను.