పురుగు నోట చెంచయ్య మాట

ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి, మార్టూరు దగ్గరి ఆ ఊళ్ళో మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు కూడా పని ఆపి టీవీల ముందు చేరేవారు. కేబుల్ నడిపే జాన్ బాషా గుంటూరు నుంచి చవకబారు ఇంగ్లీషు క్యాసెట్లు తెచ్చి వేసేవాడు. గ్రహాంతరాల నుంచి ఊడిపడిన బల్లులు, ఊళ్ళను నమిలే సాలీళ్ళు, వెండికాగితం చొక్కాలు తొడుక్కున్న వీరులు. ఆ ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాదు కనుక, కేబుల్ గదిలో మైకు ముందు కూర్చుని కథంతా తెలుగులో నడిపించే పని బుల్లయ్య కూతురు కోటిరత్నానిది. గొంతులు అనుకరించడంలో చుట్టుపక్కల ఆమెకు సాటి లేదు.

ఆ సినిమాలంటే ఆమెకు ప్రాణం. బల్లి వీపున జిప్పు కనిపించేది. అంతరిక్షనౌకను వేలాడదీసిన దారం కనిపించేది. దారం కనిపించగానే వీధంతా ఈలలు వేసేది. ఎవరూ మోసపోయేవారు కాదు. తాను అబద్ధమేనని ముందే ఒప్పుకునే అబద్ధంలో ఒక మర్యాద ఉంది. సీలు వేసి, మెరిసే బొమ్మ అంటించి ఊళ్ళో మందులకొట్టు నడిపే చెంచయ్య అమ్మిన పురుగుమందు సీసాలో ఆ మర్యాద లేదు.

తొంభై ఏడులో శనగపచ్చ పురుగు పత్తిచేలను పట్టింది. బుల్లయ్య చెంచయ్య కొట్లో మందు తెచ్చి కొట్టాడు. పురుగు చావలేదు. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ కొట్టాడు. కాయలు డొల్లలై రాలాక ఖాళీ సీసా పట్టుకుని అడగబోతే, కొట్టు ముందు పదిమందీ వింటుండగా చెంచయ్య నవ్వాడు. మందు బంగారమనీ, బుల్లయ్యకే కొట్టడం చేతకాలేదనీ అన్నాడు. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి ఆ మాటతో ఇంటికొచ్చి, పొలం కౌలుకిచ్చి, మళ్ళీ వీధి ముఖం చూడలేదు. ఆ మాటను చెంచయ్య చేత, అదే పదిమంది ముందు, వెనక్కి మింగించాలన్నది కోటిరత్నం పట్టుదల. అందుకే పురుగుల సినిమా ఏదైనా దొరికితే తెమ్మని జాన్ బాషాతో ఏడాదిగా చెబుతూ వచ్చింది.

దొరికింది. అంగారకుడి నుంచి దిగిన రబ్బరు పురుగు, రైలుపెట్టె అంత. వీరుడు కిరణాల తుపాకీ పేల్చాడు. పురుగు కదల్లేదు. కోటిరత్నం మైకు దగ్గరికి లాక్కుంది. ఆ పురుగు నోటికి, ముక్కుతో మాట్లాడే చెంచయ్య గొంతును అచ్చుగుద్దినట్టు తొడిగింది.

"ఇంకొక్కసారి కొట్టు బాబాయ్. పొద్దుటికల్లా నేను రాలకపోతే నన్నడుగు."

వీధిలో నవ్వు భళ్ళున పగిలింది. వీరుడు మళ్ళీ పేల్చాడు. పురుగు ఒళ్ళు విరుచుకుంది.

"మందు బంగారం బాబాయ్. నీకే కొట్టడం చేతకాలా."

ఈసారి నవ్వు ఒక్క క్షణం ఆగి, మరింత పెద్దదై వచ్చింది. అదే మాట పడ్డవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

కాసేపటికి చెంచయ్య కేబుల్ గదిలోకి దూసుకొచ్చాడు. కొత్త వైరు కొనాలని జాన్ బాషా బజారుకు వెళ్ళి ఉన్నాడు. మైకు ఆపుతున్నట్టు కోటిరత్నం మీట మీద వేలు పెట్టింది, నొక్కలేదు.

"ఏమే, పరువు తీస్తున్నావా?"

"మందు మంచిదని చెప్పండి చెంచయ్యగారూ, ఆపేస్తా."

"మంచిదో చెడ్డదో నాకేం తెలుసు? ఆ సరుకు తేడా అని పంపినోడే చెప్పాడు. అప్పటికే కొట్టు నిండా దించా. పారబోసుకోనా?"

"చెప్పాకే మా నాన్నకి రెండోసారి అమ్మారా?"

"మీ నాన్నకొక్కడికేనా, ఊరందరికీ అమ్మా. నీకెందుకే?"

తెర మీద రబ్బరు పురుగు నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఆ మాటలన్నీ ఊళ్ళో ప్రతి టీవీలోనూ దాని నోటినుంచే వెళ్ళాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. వీధి నిశ్శబ్దమైందని ముందు కోటిరత్నానికి తెలిసింది. మైకు మీద వెలుగుతున్న ఎర్రదీపం చూసి చెంచయ్యకు తెలిసింది.

అతను కిటికీలోంచి తొంగిచూశాడు. ఇళ్ళ వైపు నుంచి మనుషులు వస్తున్నారు, తొందర లేకుండా, మాటల్లేకుండా. ముందు వరసలో, పంచె ఎగగట్టి, బుల్లయ్య ఉన్నాడు.

"అమ్మాయ్," అన్నాడు చెంచయ్య, గొంతు తగ్గించి. "వెనక తలుపు తియ్యి."

తాళంచెవి కోటిరత్నం కొంగున ఉంది. ఆమె మైకును తనవైపు తిప్పుకుంది. వీరుడు మూడోసారి తుపాకీ ఎత్తుతున్నాడని, ఈసారి గురి తప్పదని, ఊరికి నిదానంగా చెప్పసాగింది.