అడ్రసు పక్కన తాళం

కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఏ సైట్‌ని నమ్మాలి, ఏది నమ్మకూడదు అని అడగడానికి వీధి వీధంతా నా షాపుకే వస్తుంది. నోరు దురుసే కానీ పని శుభ్రం అని నాకు పేరు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా తెలివి మా అక్క ఇంట్లోనే తెల్లారింది.

మా బావకి గొంతు క్యాన్సర్. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు అన్నారు డాక్టర్లు. దానికి ముందు వారం రోజులు ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని తన గొంతు రికార్డు చేసుకున్నాడు. పాటలూ పద్యాలూ కాదు. అక్కని పిలవడం, మంచినీళ్లు అడగడం, కళ్లజోడు ఎక్కడ పెట్టావని కసురుకోవడం. ప్రాణం దక్కింది. ఏడాదిగా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అవే వింటూ వచ్చారు. తన కసుర్లు తనే విని బావ పలక మీద ‘తప్పు నాదే’ అని రాసేవాడు. అక్క నవ్వేది.

ఇంకో కాపీ తీసిపెట్టాలని పది ఆదివారాలు అనుకున్నాను. పరాయివాళ్లయితే కేకలేసి తీయించేవాణ్ణి. మనవాళ్లే కదా అని రోజులు నెట్టేశాను.

మొన్న గురువారం అక్క ఫోన్ చేసింది. కంప్యూటర్ నత్తలా నడుస్తోందట. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఉచితం అని ఏదో సైట్ కనిపించిందట.

“ఐదు నక్షత్రాలున్నాయిరా. మెచ్చుకున్నవాళ్ల ఫొటోలు కూడా పెట్టారు. నమ్మొచ్చా?”

“అడ్రసు పక్కన తాళం గుర్తుందా?”

“ఉంది. అయినా నువ్వొకసారి వచ్చి చూడరాదూ, భయంగా ఉంది.”

“తాళముంటే నొక్కెయ్యక్కా, నా ప్రాణం తీయకు. ఇక్కడ కస్టమర్ నెత్తిన కూర్చున్నాడు.”

ఆ తాళం చెప్పేది ఒక్కటే, మధ్యలో ఎవరూ తొంగిచూడరని. అవతలివాడు మంచివాడని కాదు. దొంగ ఇంటికీ తాళం ఉంటుంది. ఈ మాట రోజుకి పదిమందికి చెప్తాను. సైట్ ఎవరిది, వాళ్ల చిరునామా ఏది, ఆ ఫొటోల్లోవాళ్లే ఇంకోచోట ఇంకో పేరుతో ఉన్నారా అని వెతకాలి. ఐదు నిమిషాల పని. సొంత అక్కకి ఆ ఐదు నిమిషాలు ఇవ్వలేకపోయాను, పాపిష్టివాణ్ణి.

ఆ సాఫ్ట్‌వేర్ అనవసరమంటూ పెద్ద ఫైళ్లన్నీ తుడిచేసింది. తుడిచినచోట మళ్లీ ఏదీ దొరక్కుండా పైన చెత్త రాసేసింది. కంప్యూటర్ షాపుకి తెచ్చుకుని మూడు రోజులు తిండి మానేసి వెతికాను. బావ దగ్గు కూడా దొరకలేదు.

ఆదివారం వెళ్లి చెప్పాను. అక్క తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నువ్వు ఇరవయ్యేళ్లు విన్నావుగా. ఆయన నన్నెలా పిలిచేవారో ఒక్కసారి అను,” అంది.

బావ కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. ఆయనకీ వినాలని ఉంది. నాకు ఏడుపొచ్చింది.

“ఇదిగో, నిన్నే,” అన్నాను.

“ఇంకాస్త మెల్లగా అనేవారు,” అంది అక్క.

బావ కాదన్నట్టు తల ఊపి, పలక తీసుకుని ‘గట్టిగా’ అని రాశాడు.

ఎవరి మాట నిజమో తేల్చడానికి ఇప్పుడు ఏమీ లేదు.