నాలుగు వేళ్ళ కన్ను

గోపయ్య చెయ్యి పెద్దది. ఆ చేతి నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి వల కన్నులో పెడితే దూరాలి. దూరకపోతే ఆ వల నీళ్ళలో పడడానికి వీల్లేదు. ఇబ్రహీంపట్నం పక్కన రాళ్ళకుంట మీద బతికే చేపల సంఘానికి ఇదీ కట్టుబాటు. ఏటా మృగశిర కార్తెకు ముందు గంగమ్మ రాయి దగ్గర అందరూ వలలు పరిచేవారు. సంఘం పెద్దగా గోపయ్య ఒక్కో వలనూ వేళ్ళతో చూసుకుంటూ పోయేవాడు. చిన్న చేప జారిపోవాలి, పెద్దదే పడాలి, అప్పుడే కుంట మనవళ్ళ దాకా మిగులుతుందని అతని నమ్మకం. ఆ నమ్మకం కోసం సొంత తమ్ముడినే పోగొట్టుకున్నాడు మహానుభావుడు.

ఆ తమ్ముడిని పెంచింది గోపయ్య భార్య సుక్కమ్మ. ఆమె గోపయ్య ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఎల్లస్వామికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అత్త అప్పటికే లేదు. వాడికి తల దువ్వింది, జ్వరమొస్తే చంకనేసుకుని దవాఖానకు పోయింది, కొర్రమీను ముల్లు తీసి ముద్దలు పెట్టింది. తన కడుపు పండకపోతే వీడున్నాడులే అనుకుంది. అలాంటివాడు, పెళ్ళయ్యాక ఒక కరువు ఏడు, భార్యకు నెలలు నిండిన రోజుల్లో, సన్న కన్ను వల తెచ్చి చాటుగా కుంటలో వేశాడు. గోపయ్య కంట పడింది. పదిమందినీ కట్ట మీదికి పిలిచి ఆ వలకు నిప్పుపెట్టాడు. నైలాను కరిగి నల్లటి ముద్దయి కంపు కొడుతుంటే ఎల్లస్వామి చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళాన్ని తీసుకుని నాదర్‌గుల్ పోయి, ఎవరిదో వెంచర్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. మళ్ళీ అన్న గడప తొక్కలేదు.

మొగుడు చేసింది న్యాయమేనని సుక్కమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్నంత మాత్రాన కడుపుకోత తగ్గుతుందా? రాళ్ళకుంట నాలుగు వైపులా పొలాలు ప్లాట్లయ్యాయి, హద్దురాళ్ళకు రంగులేశారు, రింగురోడ్డు వస్తోందంటూ కార్లు దిగాయి, ఊళ్ళో ఎవరి బతుకు ఎటు పోతోందో వాళ్ళకే తెలియడం లేదు. ఇన్ని మారినా ఎల్లస్వామి కంచం మాత్రం సుక్కమ్మ గోడగూట్లో బోర్లించిన చోటే ఉంది.

ఆమె రోజూ బతికున్న కొర్రమీన్లను అల్యూమినియం గంజు నీళ్ళలో వేసుకుని, ఆటో ఎక్కి మీర్‌పేట్ కాలనీల్లో అమ్ముకొచ్చేది. అక్కడ ఆమెకు వాడుక బేరం కోటేశ్వరి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నావిడ, చేప విషయంలో మహా పట్టింపు.

"ఇదేంటి సుక్కమ్మా, జానెడు కూడా లేవు! కొర్రమీనంటే మోచెయ్యంత ఉండొద్దూ? పులుసులో వేస్తే ముక్క కనబడాలి కదా. పోయినేడు కాస్త నయం."

"ఏం జేయాలమ్మా, గివే పడుతున్నయ్. పెద్దయి వచ్చినప్పుడు నీకే తెస్త తియ్."

ఏటా ఆ మాటే చెప్పేది. ఏటా చేప ఇంకాస్త కురచయ్యేది. కోసేటప్పుడు సుక్కమ్మకు ఇంకో వింత కనబడేది. ఒకప్పుడు మూర పొడవు పెరిగాక గాని గుడ్లు కట్టని చేప, ఇప్పుడు అరచేతంత ఉండగానే కడుపు నిండా గుడ్లతో ఉంటోంది. పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేసినట్టుందే అని బాధపడేది గాని, ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

అది విప్పి చెప్పింది రమ. చేపల ఆఫీసులో కొత్తగా వచ్చిన అమ్మాయి. ఎండలో కట్ట మీద కూర్చుని, సంఘం పట్టిన చేపల్ని కొలిచి, కోసి, చూసి, గోపయ్యతో నెమ్మదిగా అంది.

"బాపూ, నువ్వు తప్పు జేసినవని అంటలేను. చిన్నవాట్ని ఇడిసిన్రు, మంచిదే. కానీ పెద్దవాట్ని ఒక్కటి సుత మిగలనియ్యలే. పెద్దగ పెరిగే గుణమున్నయన్నీ మీ వలల పడ్డయి. పొట్టిగ ఉండి, తొందరగ గుడ్లు వెట్టేటియి కన్నుల నుంచి జారిపోయినయి. ఇగ వాటి పిల్లలకు గా గుణమే వస్తది గద. ఇన్నేండ్ల సంది మీ వల పొట్టి చేపనే ఏరి ఏరి విత్తనానికి ఉంచింది."

"అంటే? చిన్నయి పట్టుమంటవా?" అన్నాడు గోపయ్య.

"మరీ చిన్నయి వద్దు, బాగా పెద్దయి వద్దు. నడిమివి పట్టుర్రి. పెద్ద తల్లులు కనబడితే ఇడిసిపెట్టుర్రి. ఇరవై ఏండ్లల్ల అయింది రెండేండ్లల్ల సక్కగ గాదు. కానీ మొదలన్న వెట్టాలె."

గోపయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. "నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల, నాకు నేర్పుతదా?" అని గోడకు చెప్పుకున్నాడు. సుక్కమ్మకు అసలు సంగతి తెలుసు. రమ మాట నిజమైతే, ఆ రోజు కట్ట మీద కాలింది ఉత్త వల కాదు. ఏ మొహంతో ఒప్పుకుంటాడు పాపం?

అతన్ని ఒప్పించింది చివరికి చేపే. వానలు పడ్డాయి. తుంగలో కొర్రమీన్లు పిల్లల్ని చేశాయి. ఒక పొద్దున గోపయ్య ఆయాసపడుతూ ఇంటికొచ్చి, సుక్కమ్మను చెయ్యి పట్టుకుని కట్టకు లాక్కుపోయాడు. తుంగ పక్కన నీటి మీద కుంకుమ ఒలికినట్టు ఎర్రటి పిల్లల గుంపు. దాని కింద నల్లగా, మూరకు పైన, తల్లి. ఏ వలకూ చిక్కకుండా ఎన్నేళ్ళు దాక్కుందో! పిల్లల చుట్టూ కాపలా తిరుగుతోంది. గోపయ్య కళ్ళు చెమర్చాయి.

"గిసుంటియి గీ కుంటల ఎన్నుండె సుక్కీ! అన్నిట్ని నేనే ఏరేసిన."

సంఘాన్ని పిలిచాడు. మూడు వానాకాలాల దాకా పెద్ద కొర్రమీనును ఎవరూ ముట్టొద్దనీ, ముఖ్యంగా తుంగలో తల్లి జోలికి పోవద్దనీ చెప్పాడు. సంఘంలో పరమేశ్వర్ అనేవాడికి నోరు ఎక్కువ.

"మరి గప్పుడు నీ తమ్ముని వల ఎందుకు కాల్చినవే?"

గోపయ్య తల వంచుకున్నాడు. ఆ తల వంచడం చూసే కాబోలు, సణుక్కుంటూనే అందరూ సరేనన్నారు. "నువ్వు దప్పనన్ని రోజులు మేం దప్పం," అన్నాడు పరమేశ్వర్. ఇంటికొచ్చి కూర్చున్నాక గోపయ్య భార్య మొహం చూడకుండా అన్నాడు. "ఎల్లిగాన్ని రమ్మను. గా ముచ్చట నేనే జెప్పుకుంట వానికి."

సుక్కమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ మధ్యాహ్నమే నాదర్‌గుల్ పోయింది. రేకుల గది ముందు ఎల్లస్వామి నీళ్ళ పైపు పట్టుకుని గడ్డి తడుపుతున్నాడు. నెత్తి మీద పక్కనున్న ఎయిర్‌ఫీల్డు శిక్షణ విమానాలు గిరగిరా తిరుగుతున్నాయి. వదినెను చూసి పైపు వదిలేశాడు.

"అన్న రమ్మన్నడు బిడ్డా. రేపు బువ్వకు రా."

"నిజమా వదినె? అన్ననే అన్నడా? కోపం బోయిందా?"

కోపం కాదు, తప్పు నాదేనంటున్నాడు అని చెప్పాలి. కట్టుబాటు మారిందనీ చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కాని ఆ మాట వింటే, ఉత్త పుణ్యానికి నా వల కాల్చాడా అని వీడు రగిలిపోతాడేమో, వచ్చేవాడు కాస్తా ఆగిపోతాడేమో! పైగా చెప్పుకుంటానన్నది అన్న. సుక్కమ్మ ఆ మాట దాచుకుంది. "అవ్ బిడ్డా, పోయింది. నువ్వు రా, గంతే," అంది.

మర్నాడు పొద్దెక్కేసరికి ఎల్లస్వామి వచ్చాడు. ఉతికిన చొక్కా, తడిసిన ప్యాంటు, చేతిలో తడి గోనెసంచి. సంచి లోపల ఏదో బలంగా కొట్టుకుంటోంది. గడప దగ్గరే ఆగి, చిన్నప్పుడు బడిలో పాసైనప్పటి నవ్వు నవ్వాడు.

"ఇన్నేండ్లకు ఒట్టి చేతులతోని ఎట్ల రావాలన్నా? పొద్దుగాల్నే కుంటకు వోయిన. తుంగల ఎర్రపిల్లలు గనబడ్డయి. కప్పను గుచ్చి గాలమేసిన. తల్లి గద, పిల్లల మీదికొచ్చిందని ఎగిరి పట్టింది. సూడు." సంచి మూతి విప్పాడు. "నీ కట్టుబాటు దప్పలేనన్నా. నీ నాలుగు వేళ్ళ కన్నుకేంది, పది వేళ్ళ కన్నుకు సుత జారదిది."

సంచిలో తల్లి చేప నోరు తెరిచి మూస్తోంది. కొర్రమీను మొండిప్రాణం. ఇప్పుడు తీసుకుపోయి నీళ్ళలో వదిలినా బతుకుతుంది.  సుక్కమ్మ మొగుడి వైపు చూసింది. కట్ట ఎంతో దూరం లేదు. ఒక్క మాట చాలు. కాని ఆ మాట అంటే, ఇన్నేళ్ళకు గడప తొక్కిన తమ్ముడు ప్రేమగా తెచ్చినదాన్ని పదిమంది ముందు మళ్ళీ కట్ట మీద పారేయడమే. ఆ మొహం మీది నవ్వు మళ్ళీ కాలిపోవడమే.

గోపయ్య చాలాసేపు ఆ చేపనే చూశాడు. తర్వాత తమ్ముడి భుజం మీద ఆ పెద్ద చెయ్యి వేశాడు.

"మంచిదే తెచ్చినవ్ రా ఎల్లిగా," అన్నాడు. "సుక్కీ, కొయ్యి."

ఆమె పెరట్లో బూడిద పూసి, రాయి మీద రుద్ది, కోసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, కళ్ళ నీళ్ళు మాత్రం ఆగలేదు. కడుపులో గుడ్లు లేవు. అవన్నీ పిల్లలై కుంటలో కాపలా లేకుండా తిరుగుతున్నాయి. గోడగూట్లో కంచం తీసి కడిగి మరిదికి వడ్డించింది. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఎల్లస్వామి మారు అడిగాడు. గోపయ్య ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ, పళ్ళెంలోది ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాడు. తమ్ముడికి చెప్పుకుంటానన్న ముచ్చట చెప్పలేదు.

సాయంత్రం సుక్కమ్మ ఒక్కతే తుంగ దగ్గరికి పోయింది. ఎర్ర గుంపు చెదిరి నాలుగు పాయలైంది. కొంగలు దిగి తీరిగ్గా ఏరుకుంటున్నాయి. ఆమె రాళ్ళు విసిరింది. లేచినట్టే లేచి మళ్ళీ వాలాయి.

ఊళ్ళో చేప వాసన దాగుతుందా? మర్నాడు పరమేశ్వర్ గడప ముందు నిలబడి, "పెద్దదే పడ్డదటగా మీ ఇంట్ల?" అన్నాడు. గోపయ్య "అవ్" అన్నాడు. పరమేశ్వర్ వెనక్కి తిరిగి పోయాడు. ఆ వారంలోనే కుంటలో ఎవరి ఇష్టం వచ్చిన వలలు వారు వేశారు. మృగశిరకు వలలు పరిపించి చూసే చెయ్యి మళ్ళీ ఎవరి వలనూ తాకలేదు.

సుక్కమ్మ గంజు ఎత్తుకుని మీర్‌పేట్ పోయింది. కోటేశ్వరి వంగి చూసి మూతి విరిచింది.

"మళ్ళీ ఇవేనా సుక్కమ్మా? పెద్దవి ఎప్పుడు తెస్తావ్?"

ఏటా చెప్పే మాట నాలిక చివర ఉంది. అది మింగేసి సుక్కమ్మ గంజు మీద మూత పెట్టింది.

"పెద్దయి ఇగ రావమ్మా," అంది.