అత్తమ్మ వండిన గుండె

ఆదివారం పొద్దున హనుమాండ్లు మటన్ దుకాణం ముందు నిలబడితే, ఆయన నన్ను చూసి కత్తి పక్కన పెట్టాడు. ఎల్లారెడ్డిలో టీచర్లు మటన్ కొనడానికి రావడం వింతేమీ కాదు. నేను రావడమే వింత. పోయిన ఎండకాలం మా ఆయన భీమేష్ చనిపోయిన తర్వాత మా ఇంట్లో మాంసం వండలేదు. మానేద్దామని ఎవరూ అనుకోలేదు. వండలేదు, అంతే.

"ఎంతియ్యాలె టీచరమ్మా?"

"మటన్ కాదన్నా. గుండెకాయ ఒకటి కావాలె. కోయొద్దు. పైన గొట్టాలు గూడ ఉంచు."

"గొట్టాలెందుకు? అవి కుక్కలు గూడ ముట్టయి."

"పదో తరగతి పిల్లలకు చూపియ్యాలె. రేపు గుండె పాఠం."

"మా అనిల గూడ మీ పదిలనే గదా. పుట్టినకాన్నుంచి గుండెలు చూస్తనే ఉంది. పరీక్షల మాత్రం తల్లకిందులు గీస్తది," అని నవ్వి, గుండెను కవర్లో వేసి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచాను. మా అత్తమ్మ చిన్నవ్వ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఆమెకు చెప్పలేదు. ఈ మధ్య మేమిద్దరం అవసరమైన సంగతులే చెప్పుకుంటున్నాం. మేక గుండె ఆ లెక్కలోకి వస్తుందని నాకు తోచలేదు.

బట్టలు ఉతికి ఆరేసి, కాసేపు నడుం వాల్చి లేచేసరికి ఇల్లంతా అల్లం వెల్లుల్లి వాసన. అత్తమ్మ తినడం అయిపోయి, కంచంలో చేయి కడుక్కుంటోంది.

"నీ పాలు గిన్నెల ఉంచిన. తిను."

"ఏం వండినవ్ అత్తమ్మా?"

"నువ్వు తెచ్చిందే. నోటితోని చెప్పకున్నా నాకు సమజైంది. గుండె వీకుందని డాక్టరన్నడు, నువ్వు గుండెకాయ తెచ్చినవ్. మోకాళ్ళకు పాయ, నెత్తురు తక్కువుంటే కార్జం, గుండెకు గుండె. సదువుకున్నదానివైనా నీకు తెలివుంది పిల్లా."

"అది స్కూలుకు తెచ్చిన."

"స్కూల్ల గుండె వండుతరా? నాకు తెల్వది." ఆమె ఏమీ నొచ్చుకోలేదు. "పోనియ్యి, తిన్నది తిన్న. ఇగ ఆ గోలీలతోని పనిలేదు."

టీవీ పక్కన ఉండే మందుల డబ్బా తీసి చూశాను. ఆ వారం తెచ్చిన గోలీల పట్టీలు తెచ్చినట్టే ఉన్నాయి. పనిలేదని ఈ రోజు అనుకున్నది కాదన్నమాట. ఆమె కాలు నా ఒళ్ళోకి తీసుకొని బొటనవేలితో నొక్కితే, పిండి ముద్ద మీద నొక్కినట్టు గుంట పడి అలాగే ఉండిపోయింది.

మంగళవారం కామారెడ్డి డాక్టరు దగ్గరికి పోవాలి. పోయినసారి ఆయన నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. ఈ గోలీలు మానేస్తే కాళ్ళలోని నీరు ఊపిరితిత్తుల దాకా వస్తుందని, అప్పుడు ఆమెను నడిపించుకొని కాదు, మోసుకొని రావలసి ఉంటుందని. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

తిడితే నా ముందు నోట్లో వేసుకుంటుంది. నేను బడికి పోగానే ఊసేస్తుంది. తిట్టకుండా మళ్ళీ దుకాణానికి పోయాను.

"మల్లనా? పొద్దటిదేమైంది?" అన్నాడు హనుమాండ్లు.

"మా అత్తమ్మ వండింది."

ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "చిన్నవ్వ వండితే మంచిగనే అయి ఉంటది." చివరికి మిగిలిన గుండె ఒకటి తీసి ఇచ్చాడు. దాని గొట్టాలు కొంచెం పొట్టిగా ఉన్నాయి. చెయ్యి అలవాటు కొద్దీ కోసిందని చెప్పాడు.

ఇంటి వెనక నల్లా దగ్గరికి అత్తమ్మను పిలిచాను.

"మల్ల తెచ్చినవా? కడుపుల జాగ లేదు పిల్లా."

"వండనీకి కాదు. జర పట్టుకో."

గుండెను కడిగి, ఎడమ పై గది నోట్లోకి నీళ్ళు పట్టాను. అది నిండి బరువెక్కింది. "ఇప్పుడు పిండు," అన్నాను. బీడీలు చుట్టిన చేతుల పట్టు గట్టిది. పిండగానే పైనున్న దొడ్డు గొట్టంలోంచి నీళ్ళు ఎగిరి నా ముఖం మీద పడ్డాయి.

ఆమె ఇంకోసారి నింపించుకొని ఇంకోసారి పిండింది. ఈసారి కావాలనే నా వైపు తిప్పిందేమో.

"అచ్చిన తొవ్వలనే ఎందుకు పోలే నీళ్ళు?"

"లోపల తలుపులున్నయి. ఒక్క దిక్కే తెరుసుకుంటయి."

"మా ఆడబిడ్డ ఇంటి లెక్క. మన గిన్నెలు పోతయి, తిరిగి రావు."

"గట్లనే. ఇగ ఈ కుడి గోడ నొక్కు, పల్చగుంటది. పక్కనున్న ఊపిరితిత్తులకే పంపాలె. ఎడమది నొక్కు, దొడ్డుగుంటది. నెత్తి నుంచి కాలివేళ్ళ దాక పంపాలె."

"ఒకటి పక్కింటికి, ఒకటి కామారెడ్డికి."

"ఆ. నీకు గీ ఎడమ కండనే సాగింది. మెడకాడ సాగిన బనీను ఉంటది సూడు, గట్ల. పిండుతది గని గట్టిగ పిండది. లోపల కొంత మిగులుతది. ఎనకనుంచి అచ్చేది యాడికి పోవాలె? నీరై కాళ్ళల్ల దిగుతది."

"అత్తను పట్టుకొని బనీనంటవా."

"నీ గుండెను అన్న."

"గోలీలు మింగితే బనీను కొత్తదైతదా?"

"కాదు. ఒక గోలి గుండె మీద బరువు దించుతది. ఒకటి నిలిచిన నీళ్ళను ఒంటేలుకు పంపిస్తది. పని తక్కువైతే ఆ కండనే ఇంకొన్ని రోజులు మంచిగ కొట్టుకుంటది."

"గుండెకాయ తింటే?"

"అరుగుతది. కడుపుకు గుండెకాయైనా వంకాయైనా ఒకటే."

ఆమె నవ్వింది. పాఠం ముగిసిందనుకున్నాను. ఆమె నల్లా కట్టేసింది.

"మా భీమేష్ ఒక్కపూట తప్పలే," అంది. "ఫోన్ల గంట పెట్టుకొని మరీ మింగిండు. ఏమైంది?"

ఆ పేరు మా ఇంట్లో పైకి అనుకొని చాలా రోజులైంది. నాకు తెలిసిన జవాబు ఆమె చేతిలో ఉన్న గుండె మీదే ఉంది. దాన్ని తిప్పి, కొవ్వు పక్కన సన్నగా పారుతున్న నాళాన్ని చూపించాను.

"లోపల ఇంత నెత్తురున్నా, గుండె దాంట్లకెల్లి తాగదు అత్తమ్మా. గోడ దొడ్డుగుంటది, లోపటిది ఇంకదు. బయటికి పంపినదాంట్లకెల్లే గీ సన్న నాళాలల్ల తన వంతు తెచ్చుకుంటది. అది గూడ పిండేటప్పుడు కాదు. పిండి వదిలిపెట్టి జరంత ఆగుతది, గప్పుడు."

"ఇంట్ల బాయి పెట్టుకొని బయట నల్లాకు పోయినట్టు."

"ఆ. ఆయనకు కండ మంచిగనే ఉండె. నాళం మూసుకుంది."

"ఏది? సూపియ్యి."

చూపించాను. ఆమె దాని మీద వేలు పెట్టింది. బీడీలకు తునికాకు కత్తిరించి కత్తిరించి గరుకెక్కిన వేలు. దాని కింద నాళం కనబడకుండా పోయింది.

"గింత సన్నదా."

"గింతే."

"గోలీలేం జేసినయి మరి?"

"ఆపినంత కాలం ఆపినయి."

ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆమె గుండెను డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి, "దీన్ని నేను ముట్ట, భయపడకు," అని లోపలికి పోయింది. ఆ పూట గోలీ వేసుకోలేదు. నేను అడగలేదు.

సోమవారం పాఠం బాగానే నడిచింది. అనిల ముందు బెంచీకి వచ్చి, గుండెను తండ్రి లాగే ఒడుపుగా పట్టుకుంది. "రాత్రి పగలు కొట్టుకుంటది గద టీచర్, గుండె అలిసిపోదా?" అని ఎవరో అడిగారు. దెబ్బకూ దెబ్బకూ నడుమ కొంచెం ఆగుతుందని, అదే దాని విశ్రాంతి అని చెప్పాను.

"మా బాపు గూడ గంతే టీచర్," అంది అనిల. "గిరాకికి గిరాకికి నడుమ నిద్రపోతడు."

సాయంత్రం ఇంటికి రాగానే మందుల డబ్బా వైపు చూశాను. పట్టీలు కదల్లేదు. నేను చూడటం అత్తమ్మ చూసింది.

"రేపు డాక్టర్‌నే అడుగుత," అంది. "నువ్వు పంతులమ్మవు. మేక సంగతి నీకు తెలుస్తది."

మంగళవారం పొద్దున కామారెడ్డి బస్సు ఆడవాళ్ళతో నిండిపోయింది. ఎవరో జరిగి అత్తమ్మకు చోటిస్తే, నన్నూ పక్కన ఇరికించుకుంది. లింగంపేట దాటాక ఆమె మాట్లాడటం మానేసింది. కాసేపటికి ముందుకు వంగి, డ్రైవర్‌కు వినబడేలా అంది:

"బిడ్డా, బస్సాపు."

"తాడ్వాయిల ఆగుతది అవ్వా," అంది కండక్టరమ్మ.

"తాడ్వాయి దాక నేను ఆగ. పొద్దుగాల నీళ్ళ గోలి మింగిన."

బస్సంతా విన్నది. నేను ఆమె వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూసింది.

"ఎప్పుడు మింగినవ్?"

"నువ్వు జడ ఏసుకుంటుంటే."

"చెప్పకపోతివి."

"చెప్తే మొఖం గిట్ల పెడ్తవని."

"బస్సెక్కే రోజు, దిగినంక మింగాలె అత్తమ్మా."

"గది నల్లాకాడ చెప్పలే నువ్వు."

బస్సు మక్కచేను పక్కన ఆగింది. ఆమె దిగితే, వెనక సీట్లోంచి ఒకామె లేచి, "మంచిగ అడిగినవ్ పెద్దమ్మా, మాకు నోరు రాకపాయె," అంటూ తానూ దిగింది. ఆమె వెనక ఇంకొందరు దిగారు. సగం బస్సు ఖాళీ అయ్యింది. డ్రైవర్ ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. మగవాళ్ళు మర్యాదగా రోడ్డుకు అవతలి వైపు చూస్తూ కూర్చున్నారు. నేను అత్తమ్మ సంచి పట్టుకొని కూర్చున్నాను. నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది కాబట్టి ఆపుకోలేదు.

ఆమె కుచ్చిళ్ళు దులుపుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది.

"బస్సు లేని రోజు సూసి మింగాలె గిది," అంది.

"రేపు మనకు బస్సు లేదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. బస్సు కదిలింది.

"అయితే రేపు మింగుత," అంది. "ఎల్లుండి సంగతి ఎల్లుండి సూద్దాం."